చెప్పకండి, కొలవనివ్వండి

(వేసవి సెలవులకు ముందు కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన వాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి. తాతయ్యలు, అమ్మమ్మలు గోడవైపు కుర్చీల్లో కూర్చోండి. ఈరోజు మీతో చాలా పని ఉంది.

సెలవుల్లో పిల్లల చేత చేయించే సైన్సు ప్రయోగాలు ఒక పాతిక చెబితే అచ్చు వేయించి పంచుతామని గ్రంథాలయం వారు అన్నారు. పాతిక చెప్పను. నాలుగైదే చెబుతాను. పాతిక ఇస్తే పిల్లలు మొదటి వారంలోనే ఊదేస్తారు, రెండో వారం నుంచి మళ్లీ ఫోను పట్టుకుంటారు. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా చేతిలో ఇంత సమయం ఉంటే, ఒక్క ప్రశ్న పట్టుకుని పది రోజులు దాని వెంట పడవచ్చు. బడి తెరిచాక ఆ తీరిక మాకూ ఉండదు, వాళ్లకూ ఉండదు.

వంటసోడాలో వెనిగర్ పోసి పొంగించే అగ్నిపర్వతం అందరూ చూసే ఉంటారు. నాకు దాని మీద పెద్ద ప్రేమ లేదు. పొంగింది, చప్పట్లు కొట్టాం, గచ్చు తుడుచుకున్నాం. ఏమవుతుందో పిల్లవాడు ముందే వీడియోలో చూశాడు, ఇక వాడు తేల్చవలసింది ఏముంది? అదే సోడాను ఒక చెంచా, రెండు చెంచాలు, మూడు చెంచాలు వేసి, వెనిగర్ మాత్రం పెంచకుండా, నురుగు ఎంత ఎత్తుకు వచ్చిందో స్కేలు పెట్టి కొలవమనండి. ఒక దగ్గర నురుగు పెరగడం ఆగిపోతుంది. ఎందుకు ఆగింది? అదిగో, అక్కడ మొదలవుతుంది సైన్సు.

అందుకని నేను అడిగేది కొంచెమే. ఇంటికో నోటు పుస్తకం పెట్టండి. ఏ పని చేసినా, ముందు ఏమవుతుందనుకుంటున్నారో ఇంట్లో ప్రతి ఒక్కరూ అందులో రాసి సంతకం పెట్టాలి. నాన్న కూడా, నాయనమ్మ కూడా. తర్వాత కొలవాలి. కొలిచింది కొలిచినట్టే రాయాలి, మళ్లీ కొలవాలి. రెండుసార్లూ ఒకే అంకె రాకపోతే కంగారు పడకండి, రెండూ రాయండి. ఇక అన్నిటికంటే కష్టమైనది పెద్దవాళ్ల వంతు. జవాబు తెలిసినా చెప్పకూడదు. తెలియకపోతే మరీ మంచిది, నటించే శ్రమ తప్పుతుంది. (నవ్వులు)

ముందు ఉప్పు సంగతి చూద్దాం. సముద్రం పక్కనే బతుకుతున్నాం. బోరు వేయాలన్నా, చెరువు తవ్వాలన్నా, కొబ్బరి మొక్క పెట్టాలన్నా మొదటి ప్రశ్న ఉప్పు గురించే కదా.

ఇక్కడ రైతులు చాలామంది ఉన్నారు. సార్వాకు, అంటే వానాకాలం వరికి, నారుమడి విత్తనం కట్టే ముందు తాలు గింజ వేరు చేయడానికి ఏం చేస్తారు? బక్కెట్టు నీళ్లలో కోడిగుడ్డు వేస్తారు, మునుగుతుంది. ఉప్పు కలుపుతూ పోతారు. గుడ్డు పైకి తేలగానే ఉప్పు ఆపి, గుడ్డు తీసేసి, విత్తనాలు పోస్తారు. తాలు పైకి వస్తుంది, గట్టి గింజ అడుగున ఉంటుంది. తర్వాత మంచినీళ్లతో కడిగేస్తారు. అది పూర్తిస్థాయి భౌతికశాస్త్ర ప్రయోగం. ఈ సెలవుల్లో ఆ పని తాతయ్య మనవరాలి చేత చేయించాలి. అయితే బక్కెట్టుతో వద్దు, లీటరు నీళ్లతో. ఉప్పు గుప్పిళ్లతో వద్దు, కాటా మీద తూచి పది పది గ్రాములుగా. గుడ్డు ఎన్ని గ్రాముల దగ్గర లేచిందో రాయాలి. తాజా గుడ్డయితే సుమారు 100 గ్రాములు దాటాక లేస్తుంది. అదే గుడ్డును వారం, రెండు వారాలు బయట ఉంచి మళ్లీ చేస్తే తక్కువ ఉప్పుకే తేలుతుంది. పెంకుకు కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి తేమ బయటికి పోయి, గాలి లోపలికి చేరుతుంది. అంటే గుడ్డు ఎంత పాతదో చెప్పే పరికరం కూడా మీ చేతికి వచ్చినట్టే. గుడ్డు తిననివాళ్లు బంగాళాదుంప ముక్కతో మొదలుపెట్టండి. అది ఎన్ని గ్రాముల దగ్గర లేస్తుందో మాత్రం చెప్పను.

ఇప్పుడు ఒక పందెం. సముద్రపు నీటిలో తాజా గుడ్డు తేలుతుందా, మునుగుతుందా? చేతులు ఎత్తండి. తేలుతుందనే వాళ్లు? దాదాపు అందరూ ఎత్తారు. సరే. ఓడలరేవు బీచికి వెళ్లినప్పుడు ఒక గుడ్డు, ఒక గాజు సీసా పట్టుకెళ్లి చూడండి. అంతర్వేదికి మాత్రం వద్దు, స్వామి దర్శనానికి గుడ్డు పట్టుకెళ్లమన్నానని నా మీద పడతారు. (నవ్వులు) వెళ్లేముందు ఒక్క లెక్క చూసుకోండి. సముద్రపు నీటిలో సగటున లీటరుకు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. మన తీరంలో గోదావరి కలుస్తుంది కాబట్టి ఇంకాస్త తగ్గవచ్చు కూడా. మీ ఇంట్లో గుడ్డు ఎన్ని గ్రాములకు లేచిందో నోటు పుస్తకంలో ఉంటుంది కదా. చేతులు ఎత్తింది సరైనదో కాదో ఇక్కడ కూర్చునే తేల్చుకోవచ్చు. అయినా వెళ్లి చూడండి. లెక్కలో ముందే తేలినది కళ్ల ముందు జరిగినప్పుడు పిల్లల ముఖం చూడాలి.

అక్కడినుంచే ఒక లీటరు సముద్రపు నీరు తెచ్చుకోండి. అందులో అర లీటరు వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి మేడ మీద పెట్టండి. మే నెల ఎండ ఊరికే పోతోంది, ఇందుకైనా వాడుకుందాం. పైన పలచటి గుడ్డ కట్టండి, లేకపోతే దుమ్ము కూడా ఉప్పు లెక్కలోకి వస్తుంది. నీరంతా ఇగిరిపోయాక మిగిలింది గీకి తూయండి. 17 గ్రాముల చుట్టుపక్కల రావాలి. బాగా తక్కువ వస్తే, ఎక్కడ పోయిందో వెతకండి.

మిగిలిన అర లీటరుతో అసలు పని ఉంది. అయిపోయిన బాల్ పెన్ను తీసుకోండి, పారదర్శకంగా ఉండే గొట్టం కావాలి. రీఫిల్ తీసేయండి. గొట్టం మధ్యలో సన్నటి గాలి రంధ్రం ఉంటుంది, చూశారా? చాలామంది దాన్ని గమనించరు, నీళ్లు లోపలికి పోయి పెన్ను మునిగాక అప్పుడు వెతుకుతారు. ఆ రంధ్రాన్నీ, కింది కొననూ కొవ్వొత్తి మైనంతో గట్టిగా మూయండి. వేడి మైనం పని పెద్దవాళ్లదే. సైకిల్ షాపులో ముందు చక్రం ఇరుసులో వేసే చిన్న ఇనుప గుండ్లు అడగండి. వాటిని ఒక్కొక్కటిగా గొట్టంలోకి వదులుతూ, మంచినీళ్ల గ్లాసులో నిలబెట్టి చూడండి. మొదట పక్కకు పడిపోతుంది. గుండ్లు పెరిగేకొద్దీ నిటారుగా నిలబడుతుంది. ముప్పావు వంతు మునిగి, పావు వంతు పైకి కనబడేలా ఆపండి. గ్రాఫు కాగితం నుంచి సన్నటి పట్టీ కత్తిరించి గొట్టం లోపల పెట్టండి. పైకొన కూడా మైనంతో మూసేయండి. అంతే, నీటి సాంద్రత, అంటే లీటరు నీరు ఎన్ని కిలోలు తూగుతుందో చూసే సాధనం తయారైంది.

దాన్ని మంచినీటిలో పెట్టి నీరు ఏ గీత దగ్గర ఉందో చూసి, తర్వాత సముద్రపు నీటిలో పెట్టండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. అంతేనా అని పిల్లలు నిట్టూరుస్తారు. అంతే! ఆ రెండు మిల్లీమీటర్లు చూడాలంటే కంటిని నీటిమట్టానికి సరిగ్గా తేవాలి, గొట్టం గ్లాసు అంచుకు తగలకూడదు, గొట్టానికి పట్టిన బుడగలు దులపాలి. ఓపిగ్గా కొలవడం అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. తర్వాత మీ బోరు నీరు, పక్కింటి బోరు నీరు, కాలువ నీరు, రొయ్యల చెరువు నీరు వరుసగా చూడండి. చెరువు నీటికి, మంచినీటికి తేడా కనబడకపోతే చెరువులో ఉప్పు లేదని రాసేయకండి. ఎంత ఉప్పు ఉంటే మన పెన్ను పసిగడుతుందో ముందు తేల్చండి. గ్లాసు మంచినీళ్లు, తూచిన ఉప్పు ఉంటే ఆ పని ఇంట్లోనే అవుతుంది. చెరువు దగ్గర టెక్నీషియన్ చిన్న దూరదర్శినిలాంటి పరికరం కంటికి పెట్టుకుని సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతో, చెబుతాడు కదా, వీలైతే ఆయన అంకె కూడా అడిగి మీ అంకె పక్కన రాసుకోండి.

ఇంతకీ ఈ రెండు మిల్లీమీటర్లతో మనకేం పని? చెబుతాను. ఒక గాజు సీసాలో సగం దాకా ఉప్పునీరు పోసి, అందులో చిటికెడు మిఠాయి రంగు కలపండి. దాని మీద ఒక ప్లాస్టిక్ మూత తేలించి, ఆ మూత మీద సన్నటి ధారగా మంచినీరు పోయండి. తొందరపడితే రెండూ కలిసిపోతాయి. నెమ్మదిగా పోస్తే రంగు నీటి మీద తెల్లటి నీరు విడిగా, పాల మీద మీగడలా నిలబడిపోతుంది. సముద్రం ఒడ్డు ఇసుక నేలల్లో మన కాళ్ల కింద ఉన్నది ఇదే. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. అందుకే సముద్రానికి కూతవేటు దూరంలో కూడా ఇసుకలో చెలమ తీస్తే తియ్యటి నీరు ఊరుతుంది. ఇప్పుడు సూది లేని సిరంజికి సన్నటి గొట్టం తొడిగి, పైపొరలోంచి నెమ్మదిగా నీరు లాగండి. తెల్లగా వస్తుంది. గొట్టం కొన రెండు పొరలూ కలిసే చోటికి దించి, ఒక్కసారిగా లాగండి. కింది రంగు పైకి ఎగదన్నుకు వస్తుంది. "లోతుకు దించితే ఉప్పు తగిలింది, మోటారు పెద్దది పెడితే ఉప్పు తగిలింది" అని ఊళ్లో అనుకునే మాట సీసాలో కనబడుతుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలుంటే లెక్క కూడా చేయించండి. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025, మంచినీటిది 1. తేడా 0.025. ఒకటిని ఆ తేడాతో భాగిస్తే 40 వస్తుంది. అంటే సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున భూగర్భజలం ఉంటే, మట్టం కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరు ఉంటుందని. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు యూరప్ తీరప్రాంతాల్లో పనిచేస్తూ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, నూరేళ్ల కిందటే ఈ సంగతి పట్టుకున్నారు. దీన్నే తిరగేసి చూడండి. తోడి తోడి పైన ఒక్క అడుగు తగ్గిస్తే కింద 40 అడుగులు పోతాయి. నేల తీరును బట్టి అంకె మారుతుంది కానీ లెక్క ఇదే. ఇందాక పెన్ను లేచిన రెండు మిల్లీమీటర్ల వెనక ఉన్నదీ ఈ 0.025 యే.

ఉప్పు దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఇక ఎండలోకి వెళ్దాం.

మే మొదటి వారంలో మన దగ్గర నీడ మాయమవుతుంది. అమలాపురం చుట్టుపక్కల మే 6 ప్రాంతంలో, రాజమహేంద్రవరంలో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా. మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. మనిషి నీడ కాళ్ల కిందే దాక్కుంటుంది. ఆగస్టు మొదటి వారంలో మళ్లీ వస్తుంది కానీ అప్పటికి మబ్బులు, నమ్మకం లేదు. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లకు, ఢిల్లీ వాళ్లకు, ఈ రోజు జీవితంలో రాదు.

ఇంకో విశేషం ఉంది. మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. అందువల్ల మే నెలలో ముంబయిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో పన్నెండు దాటి అరగంట పైనే అవుతుంది. మన గోదావరి జిల్లాల్లో మాత్రం ఒకటి రెండు నిమిషాల తేడాతో సరిగ్గా పన్నెండుకే. గడియారం చెప్పేదీ సూర్యుడు చెప్పేదీ ఒకటే కావడం అన్ని ఊళ్లకూ దక్కదు.

మీటరు కర్రను మేడ మీద నిలబెట్టండి. నిలువుగా ఉందో లేదో చూడటానికి దారానికి గుండు కట్టి పక్కన వేలాడదీయండి. 11 గంటల 40 నిమిషాల నుంచి 12 గంటల 20 నిమిషాల దాకా, అయిదు నిమిషాలకొకసారి నీడ కొన దగ్గర సుద్దముక్కతో చుక్క పెట్టండి. తలకు తువ్వాలు కట్టుకోండి, పక్కన మజ్జిగ పెట్టుకోండి. సూర్యుడి వైపు మాత్రం ఎవరూ చూడకూడదు, నల్ల కళ్లద్దాలు ఉన్నా సరే. మన పని నీడతోనే. మే 6న కుదరకపోతే మర్నాడు చేయండి. ఒక రోజు అటూ ఇటూ అయితే మీటరు కర్రకు అర సెంటీమీటరు నీడ తేడా, అంతకు మించి రాదు.

ఇక ఇప్పుడు చెప్పబోయేది ఇక్కడున్న కొన్ని ఇళ్ల కోసం. ఈ గదిలో ఎంతమంది పిల్లలు అమ్మమ్మలతో వచ్చారో నాకు తెలుసు. వాళ్ల అమ్మో నాన్నో కువైట్‌లో, దుబాయ్‌లో ఉన్నారు. తల్లిదండ్రులతో కలిసి చేసే ప్రయోగాలని చెబుతుంటే ఆ పిల్లలు కిందికి చూస్తూ కూర్చున్నారు. అలా కూర్చోవద్దు. ఈ ప్రయోగం మీరే చేయగలరు, ఇద్దరూ ఊళ్లోనే ఉన్న ఇళ్లకు ఇది కుదరదు.

కువైట్‌లో ఉన్న అమ్మకు చెప్పండి. అదే రోజు ఆమె కూడా ఒక మీటరు కర్ర, అది దొరకకపోతే చీపురు కర్ర అయినా, నిటారుగా పెట్టి నీడ కొలవాలి. అక్కడ నడిమధ్యాహ్నం వాళ్ల గడియారంలో పావు తక్కువ పన్నెండుకు వస్తుంది. పదిహేను నిమిషాలు ముందు, పదిహేను నిమిషాలు తర్వాత వీలైనన్ని చుక్కలు పెడితే వాటిలో అన్నిటికంటే పొట్టి నీడే మనకు కావాలి. కర్ర పొడవు మీటరు అయితే నీడ 22, 23 సెంటీమీటర్లు ఉంటుంది. ఆమె ఆ రెండు అంకెలూ ఫోనులో చెబుతుంది. ఇక్కడ పిల్లవాడు నోటు పుస్తకంలో పది సెంటీమీటర్ల నిలువు గీత, దాని పాదం దగ్గర నుంచి 2.3 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, కొనలు కలిపి, పై మూల దగ్గర కోణమానిని పెడతాడు. 13 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది.

మనకు నీడ లేదు, అమ్మకు 13 డిగ్రీల నీడ ఉంది. భూమి బల్లపరుపుగా ఉంటే, అంత దూరాన ఉన్న సూర్యుడి కిరణాలు సమాంతరంగా వస్తుంటే, ఇద్దరికీ ఒకేలా ఉండాలి. లేదు కాబట్టి మధ్యలో భూమి వంగింది. అట్లాసులో కువైట్ నుంచి తూర్పుకు అడ్డంగా గీత గీసి, మన ఊరి నుంచి ఉత్తరానికి నిలువుగా గీత గీసి, ఆ నిలువు గీత పొడవును స్కేలుతో కిలోమీటర్లలోకి మార్చండి. సుమారు 1,420 కిలోమీటర్లు. విమానం పోయే దూరం పనికిరాదు, ఉత్తర దక్షిణాల దూరమే కావాలి. 13 డిగ్రీలకు 1,420 అయితే 360 డిగ్రీలకు ఎంత? 39 వేల పైచిలుకు వస్తుంది. భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కిలోమీటర్లు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో సయీన్, అలెగ్జాండ్రియా నగరాల మధ్య ఇదే ఉపాయంతో ఇదే లెక్క కట్టాడు. ఆయనకు ఫోను లేదు.

అక్కడితో ఆపకండి. అమ్మ పొట్టి నీడ చూసినప్పుడు ఇక్కడ మన గడియారంలో రెండుంబావు అవుతుంది. మన నీడ పన్నెండుకే మాయమైంది. మధ్యలో రెండుంబావు గంటలు ఎక్కడికి పోయాయి? అట్లాసులో రెండు ఊళ్ల రేఖాంశాలు చూడండి. ఒకటి 82, ఒకటి 48. ఇక చెప్పను, నిమిషాలను డిగ్రీలతో భాగించి చూసుకోండి.

కాలువ సంగతి తొందరగా చెబుతాను, ఎందుకంటే తొందరగా చేయాలి. మరమ్మతుల కోసం వేసవిలో కాలువలకు నీరు ఆపేస్తారు కదా, ఈసారి ఎప్పుడు ఆపుతారో కాలువ చూసుకునే మీ లస్కరును అడిగి, ఆలోపే చేయండి. వంతెన దగ్గర గట్టు మీద పది మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. పైగుర్తుకు ఎగువన ఒక నిమ్మకాయ వదలండి. కొబ్బరి డొక్క వేస్తే గాలికి కొట్టుకుపోతుంది, నిమ్మకాయ చాలావరకు మునిగి నీటితో పాటే వెళ్తుంది. మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు ఎన్ని సెకన్లో చూడండి. తాడుకు రాయి కట్టి వంతెన మీద నుంచి లోతు కొలవండి, మధ్యలోనూ పక్కలకూ కూడా. ఎవరూ నీళ్లలో దిగకూడదు, పిల్లలు గట్టు మీద ఒంటరిగా ఉండకూడదు. ఈ ఒక్క మాటలో మినహాయింపు లేదు.

వెడల్పు నాలుగు మీటర్లు, సగటు లోతు ఒక మీటరు అనుకుందాం. నిమ్మకాయ 25 సెకన్లలో పది మీటర్లు పోతే సెకనుకు 0.4 మీటర్లు. పైన నీరు వేగంగా, అడుగున నెమ్మదిగా పోతుంది కాబట్టి 0.85తో గుణించండి, 0.34. దాన్ని వెడల్పు, లోతులతో గుణిస్తే సెకనుకు 1.36 ఘనపు మీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. అంటే మీ కాలువలో సుమారు 48 క్యూసెక్కులు పారుతున్నాయి. ఇప్పుడు జులై, ఆగస్టుల్లో టీవీలో వచ్చే మాట గుర్తుచేసుకోండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టు వరదలో 35 లక్షలు దాటింది, ఇక్కడున్న పెద్దవాళ్లు చూసినవాళ్లే. మొదటి హెచ్చరిక అంటేనే మీ ఊరి కాలువలాంటివి 20 వేలకు పైగా ఒక్కసారి వచ్చి పడటం. ఒక్క కాలువను తన చేత్తో కొలిచిన పిల్లవాడికి ఆ వార్త ఇక వేరేగా వినబడుతుంది.

కాలువ నీరు మోటారు లేకుండా పొలం దాకా ఎలా వస్తోందో కూడా చూపించండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించింది నదిలో నీటిమట్టం ఎత్తడానికే. ఆ ఎత్తు నుంచి నీరు తనంతట తాను పల్లానికి దిగుతూ వస్తుంది. మన నేల చూస్తే బల్లపరుపుగా కనబడుతుంది, పల్లం ఎటో కంటికి తెలియదు. తాపీమేస్త్రిని అడిగి నీళ్లు నింపిన మట్టం గొట్టం ఒక పూట తెచ్చుకోండి. గొట్టం రెండు కొనల్లో నీరు ఒకే మట్టంలో ఉంటుంది. దాన్ని పట్టుకుని మీ ఇంటి గడప నుంచి వీధి చివర దాకా అంచెలంచెలుగా కొలుచుకుంటూ పోతే, గడప కంటే రోడ్డు ఎత్తో పల్లమో తేలిపోతుంది. వానాకాలంలో నీరు ఎవరింట్లోకి ముందు వస్తుందో కూడా తేలుతుంది. అది ముందే తెలిస్తే కొన్ని ఇళ్లలో పోట్లాట రావచ్చు, జాగ్రత్త. (నవ్వులు)

రొయ్యల చెరువులున్న ఇళ్లకు ఒకటి. చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రిళ్లే ఎందుకు ఎక్కువగా తిప్పుతారు? తెల్లవారుజామున కరెంటు పోతే నాన్న ఎందుకు అంతలా పరుగెత్తుతాడు? పిల్లలను అడగండి, జవాబు చెప్పకండి. చేపల తొట్టెల్లో వేసే నాచు మొక్క కాలువల్లో కూడా దొరుకుతుంది. చిన్న రెమ్మను తలకిందులుగా నీళ్ల గ్లాసులో పెట్టి ఎండలో ఉంచండి. తెగిన కాడ కొన నుంచి బుడగలు ఒక్కొక్కటిగా వస్తాయి. నిమిషానికి ఎన్నో లెక్కపెట్టండి. నీడలో పెట్టి లెక్కపెట్టండి, గుడ్డ కప్పి లెక్కపెట్టండి, చిటికెడు వంటసోడా వేసి మళ్లీ ఎండలో లెక్కపెట్టండి. ఎండలో మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చీకట్లో ఇవ్వదు, పైగా అదీ మనలాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. చెరువులోని పచ్చదనమంతా రాత్రంతా చేసే పని అదే. రొయ్యలూ పీలుస్తుంటాయి. తెల్లవారేముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. బుడగలు లెక్కపెట్టాక ఈ రెండు ప్రశ్నలూ మళ్లీ అడగండి. చెరువు గట్టున కరెంటు తీగలు ఉంటాయి, చెరువు దగ్గరికి మాత్రం నాన్న తోడు లేకుండా వద్దు.

వంటింట్లో మందార పూలు, శంఖుపూలు నలిపి రసం తీసి నిమ్మరసంలో, సబ్బు నీటిలో, వంటసోడాలో వేసి రంగులు చూడటం మీ అందరికీ తెలిసిందే, బడిలో మేమే చేయిస్తాం. సున్నపు తేట వాడితే కళ్లలో పడకుండా చూసుకోండి. దాని గురించి ఇంతే.

ఎవరైనా అడగాలనుకుంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

("మేం పదో తరగతి దాటలేదండీ. పిల్లలు ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలి?" అని ఒక తల్లి అడిగారు.)

ఏం చెప్పకమ్మా. నువ్వు కొబ్బరికాయ ఊపి చూసి లోపల నీళ్లు ఎంత ఉన్నాయో చెబుతావు కదా? ఆ చప్పుడుకూ నీళ్లకూ సంబంధం ఏమిటో వాడినే కొలవమను. కాయలు నువ్వు ఎంచు, ముందు నీ అంచనా రాయించు, తర్వాత కొట్టి గ్లాసుతో కొలవండి. ఆ పందెంలో మీ వాడు నీ మీద గెలవలేడు. ఎలా చెప్పగలుగుతున్నావో వాడే వెంటపడి అడుగుతాడు, నువ్వు ఆలోచించుకుంటావు.

("మార్కులు పెరుగుతాయా అండీ?" అని వెనక నుంచి మరొకరు.)

హామీ ఇవ్వను బాబూ. పరీక్షలో పెన్ను గొట్టం గురించి అడగరు. సాంద్రత గురించి అడుగుతారు, మీ అమ్మాయి చేత్తో పట్టుకుని చూసి ఉంటుంది కాబట్టి భయపడకపోవచ్చు, అంతవరకే చెప్పగలను. ఇంకోటి, ఫోను పూర్తిగా లాక్కోవద్దు. సెకన్లు లెక్కపెట్టడానికి, నిమ్మకాయ గుర్తు దాటింది ఎప్పుడో వీడియో తీసి నెమ్మదిగా చూడటానికి దాన్ని మించినది లేదు.

ఇక మాటలు చాలు. ఆ కిటికీ పక్క బల్ల మీద ఖాళీ పెన్నులు, కొవ్వొత్తులు, సైకిల్ గుండ్లు, గ్రాఫు కాగితం ఉన్నాయి. మూడు సీసాల్లో నీళ్లున్నాయి. ఒకదానిలో కాలువ నీరు, ఒకదానిలో ఓడలరేవు సముద్రపు నీరు, మూడోది ఈ వీధిలోనే ఒక బోరుది. ఏది ఏమిటో చీటీలు అతికించలేదు. రుచి చూడటం నిషేధం, వాసన చూడవచ్చు. పిల్లలను లోపలికి పిలవండి. మైనం కరిగించే పని నాన్నలది, నోటు పుస్తకం అమ్మమ్మల దగ్గర ఉంటుంది. ముందు అంచనాలు రాయించండి.